తెరిచి వదిలేసిన పేజీ

మా కుట్టు కర్మాగారంలో కొలతలన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. కౌంటరు నుంచీ, కత్తిరింపు హాలు నుంచీ, నా తనిఖీ బల్ల నుంచీ, యజమాని గది నుంచీ అందరమూ దాన్నే తెరవాలి. అది ఒకేసారి ముగ్గురిని మించి లోపలికి రానివ్వదు. ఇంకొందరికి అనుమతి కొనడానికి యజమానికి, అంటే మా చెల్లెలి కొడుక్కి, చెయ్యి రాదు. అందుచేత, బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు, పొద్దున్నే ఒక పేజీ తెరిచి పెట్టుకొని ఎవరి దారిన వారు పోవడం ఇక్కడ అలవాటు. "ఎవరో ఒకరు మూయండి బాబూ!" అన్న కేక వినని రోజు నాకు లేదు.

ఆ రోజు వాద్యబృందం వారి కోట్లు నా బల్ల మీదికి వచ్చాయి. ప్రతి కోటుకూ చేతులు పొట్టిగా ఉన్నాయి.

"తెర మీద ఉన్న కొలతే కోశాను," అన్నాడు కత్తిరింపు మేస్త్రీ.

"నేను పెంచానండీ," అంది కొలతలు తీసే అమ్మాయి. "పాత కోట్లలో వాయించేటప్పుడు మణికట్లు బయటపడుతున్నాయని పోయిన సోమవారం పదకొండింటికి వాళ్లు ఫోన్ చేస్తే, అప్పుడే మార్చాను."

"మారిస్తే సర్వర్ మింగేసిందా? అబద్ధాలొకటి! రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు మా వాడు, హాలంతా వినేట్టు.

ఆమె సంచీ భుజాన వేసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఆగమ్మా. ఏరా, ఈ ఆర్డరు ఇవ్వాల్సిన తేదీ కూడా ఆ రోజే మారింది, నువ్వేగా మార్చావు?"

"తేదీలు నేను గాక ఎవరు మారుస్తారు పెద్దమ్మా? ఆ సోమవారం పొద్దున పేజీ తెరిచాను, భోజనం చేసొచ్చి తేదీ మార్చి సేవ్ చేశాను. అయితే ఏంటి?"

"అయితే చూడు."

అదే ఆర్డరును నా బల్ల దగ్గర తెరిచి ఉంచాను. కౌంటరులో ఆ అమ్మాయి చేత చేతుల కొలత పెంచించి, సేవ్ చేయించి, పేజీ మూయించాను; ఖాళీ అయిన ఆ చోటులోకి కత్తిరింపు హాలు వారు వెంటనే దూరారు. నా తెర మీద మాత్రం పాత కొలతే నిలిచి ఉంది. నేను తేదీ ఒక్కటే మార్చి సేవ్ చేసి, పేజీని మళ్లీ తెరిచాను. కొత్త తేదీ ఉంది, పాత కొలత ఉంది. ఆమె దిద్దినది లేదు.

"అమ్మో! సార్ పేజీ వచ్చి అమ్మాయి పేజీ మీద కూర్చుందన్నమాట," అన్నాడు మేస్త్రీ.

మా వాడు మెడ తడుముకున్నాడు. "సరేలే పెద్దమ్మా. సర్వర్ పొరపాటని చెప్పేద్దాం. ఆ అమ్మాయిని పని చూసుకోమను."

"సర్వర్‌కు పరువు లేదు, ఆమెకు ఉంది. అబద్ధాలకోరు అన్నావు. కాదని చెప్పు."

"పనివాళ్లందరి ముందా?"

"తిట్టినప్పుడు వాళ్లు ఊరెళ్లారా?"

అతడు నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినబడలేదు. మిషన్లు ఆపండమ్మా!"

కుట్టు విభాగంలో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"తప్పు నాది," అన్నాడు మా వాడు. "పాత పేజీ చూసుకోకుండా సేవ్ చేశాను. ఈ అమ్మాయి అబద్ధం చెప్పలేదు."

ఆమె సంచీ దించింది. టేపు మెడలో వేసుకొని, నవ్వకుండానే అంది:

"అయితే మీ గదిలో తెరిచి వదిలేసిన పేజీ మూసి రండి సార్. చేతుల కొలత మళ్లీ వేయాలి. ఇంకెవరూ లోపలికి పోయే దారి లేదు."