ఒళ్లంతా దాతల పేర్లే

నేను ఒక అంబులెన్సును. ఈ సంగతి నేనే చెప్పుకోవలసి రావడం నా ఖర్మ. చూసినవాళ్లకు చప్పున తట్టదు. ఒళ్లంతా పేర్లే మరి.

పుట్టడం మామూలు వ్యానుగానే పుట్టాను. చింతలమెట్ట ప్రజాసేవా సంఘం వాళ్లు ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసి నన్ను కొన్నారు. లోపల స్ట్రెచరు బిగించి, ఆక్సిజన్ సిలిండరు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. సర్కారు బండి వేరే ఊరి పని మీదుంటే ఈ చుట్టుపక్కలకు నేనే దిక్కు. అయితే కొనేనాటి సంబరం నడిపేనాడు ఉండదని రెండో నెలలోనే తెలిసొచ్చింది. పెళ్లికి వచ్చినంత మంది కాపురం చెయ్యడానికి రారు గదా.

మా ఊళ్లో దానానికి ఒక పద్ధతుంది. ఫ్యాను ఇస్తే పేరు రెక్క మీద ఉండాలి, తిరిగేటప్పుడు కనబడకపోయినా సరే. అలాగే నా ముందు తలుపు ఒకరిది, పక్క అద్దం ఒకరిది, స్టెప్నీ టైరు ఒక కీర్తిశేషుల జ్ఞాపకార్థం. డీజిలు పోయించినవాళ్లకూ పేరు కావాలి. డీజిలు నాలుగు రోజుల్లో అయిపోయేది, పేరు మాత్రం ఉండిపోయేది.

జీతాలకు ఇచ్చే దాత మాత్రం దొరకలేదు. జీతం మీద పేరెక్కడ రాస్తారు? అందుకే డ్రైవర్లు నిలవలేదు. ఒకడు స్కూలు బస్సుకు పోయాడు, ఇంకొకడు కోళ్ల వ్యానుకు పోయాడు. చివరికి మిగిలింది డ్రైవరు కాశింవలి, రిటైరైన నర్సు సువార్తమ్మ. ఆమెకు జ్వరమొస్తే స్ట్రెచరు రెండో వైపు పట్టేది రోగి బావమరిదే.

నా ఒంటి మీద జాగా అయిపోయేసరికి చందాలూ ఆగిపోయాయి. అప్పుడు బస్టాండు ఎదుట నూనె మిల్లున్న షావుకారు పబ్బిశెట్టి రంగనాయకులు గారు ఏడాది డీజిలు తాను పోయిస్తానన్నారు. పేరు మాత్రం వెనక తలుపు మీద పెద్దక్షరాలతో ఉండాలన్నారు. అక్కడ నా ఫోను నంబరుంది. మిగతా చోట్ల అది ఎప్పుడో పేర్ల కిందకు పోయింది.

"నంబరు ఊళ్లో అందరికీ నోటికే గదా. చెరిపేద్దాం," అన్నారు సంఘం అధ్యక్షులు వీరభద్రం మాస్టారు. సభ్యులంతా తలలూపారు. ఏదీ, ఒకసారి చెప్పండి అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. "మన సేవ ఫలించింది. ఊరి ఆరోగ్యం బాగుపడింది," అని మాస్టారు మీటింగులో మురిసిపోయారు. జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో పడి పోతున్నారని బస్టాండులో నిలబడి రోజూ చూస్తున్న నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. కాశింవలి జీతం రాక బాడుగ ఆటో పట్టాడు. పనిలేని బండి ఎందుకని నన్ను కోళ్ల వ్యాపారికి బేరం పెట్టారు. అతగాడు వచ్చి లోపల ఎన్ని గంపలు పడతాయో కొలుచుకుని పోయాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం మిల్లులో రంగనాయకులు గారు గుండె పట్టుకుని కూలబడ్డారు. సర్కారు బండి రావడానికి గంట పడుతుందన్నారు. ఆయన భార్య శేషారత్నం గారు ఫోను చేతబట్టుకుని రోడ్డు దాటి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చి, నంబరు కోసం వెనక తలుపు చూశారు. బంగారు రంగులో భర్త పేరు మెరుస్తోంది.

"నంబరు చెప్పండయ్యా," అని మూగినవాళ్లను అడిగారు.

"అందరికీ తెలిసిందే గదమ్మా," అన్నారు అందరూ. ఒక్కరికీ తెలియదు. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. ఆయన ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. తొమ్మిదితో మొదలవుతుందని మాత్రం గట్టిగా చెప్పారు.

ఆవిడకు దిక్కుతోచక రెండు చేతులా నా తలుపు బాదారు. పక్క సందులో వంకాయలు ఏరుకుంటున్న సువార్తమ్మకు నా రేకు మోత బాగా తెలుసు. సంచీ అక్కడే వదిలి వచ్చి ఫోను తీసింది.

"వలీ, యాడున్నా సరే బండి దగ్గిరికి రా."

కాశింవలి ఆటోలోని ముగ్గురు ప్యాసింజర్లతో సహా వచ్చాడు. స్ట్రెచరు రెండో వైపు వాళ్లే పట్టారు.

దారిలో నాకు నిజంగా భయం వేసింది. పేరు రాయించుకున్న మనిషి నాలోనే పోతే ఆ పేరు నేనెలా మోసేది? ఆయన వెల్లకిలా పడుకుని నా పైకప్పు చూస్తున్నారు. నా ఒంట్లో పేరు లేని చోటు అదొక్కటే.

"నీ పేరేందమ్మా?" అన్నారు మాస్కు లోంచి.

"మాట్లాడబాకండి శెట్టిగారూ. సువార్తమ్మ. తోలేవాడు కాశింవలి. ఆరేళ్లుగా మీ మిల్లు ఎదురుగానే ఉంటన్నాం."

ఆయన బతికారు. నెల తర్వాత వచ్చి, దగ్గరుండి తన పేరు చెరిపించి నంబరు రాయించారు. కోళ్ల బేరం రద్దయింది. ఇద్దరి జీతాలూ, ఇంకో డ్రైవరు జీతమూ నెలనెలా తానిస్తానన్నారు. మరి పేరెక్కడ రాయించమంటారని మాస్టారు అలవాటు కొద్దీ అడిగారు.

"లోపల, పైకప్పు మీద."

"అక్కడ ఎవరికి కనపడుద్దండీ?"

"పడుకున్నోడికి కనపడుద్ది."

పెయింటరు వచ్చి ఆయన చెప్పిన రెండు పేర్లూ రాసి వెళ్లాడు. వాటిలో షావుకారు పేరు లేదు.

అవి చదవడానికి కాశింవలి స్ట్రెచరు మీద పడుకోవలసి వచ్చింది. ఆరేళ్లలో అదే మొదటిసారి. కూడబలుక్కుని రెండు పేర్లూ చదివాడు.

"ఈ రంగు డబ్బులతో వైపర్లు మార్పిస్తే పోయేది గదక్కా," అన్నాడు సువార్తమ్మతో.

అన్నాడే గాని, ఫోను మోగేదాకా లేవలేదు.