మైనం ముద్ద

ఆ సొరకాయ కుళ్ళిపోవడం నిజంగా దైవనిర్ణయమేనా అన్న సందేహం షూజెన్‌ను పంతొమ్మిదేళ్ళుగా వదల్లేదు. రోజూ గ్వాన్‌యిన్ అమ్మవారి ముందు అగరొత్తి వెలిగించి అడిగేది. అమ్మవారు పలకలేదు.

వాళ్ళది అచ్చుల్లో సొరకాయలు పెంచే ఇల్లు. పందిట్లో పిందెకు మట్టి అచ్చు తొడిగితే, కాయ ఎదుగుతూ లోపలి బొమ్మను ఒంటిమీదికి తెచ్చుకుంటుంది. ఎండిన బుర్రలో కీచురాయిని ఉంచి చలికాలమంతా దాని పాట వింటారు. కడుపునిండా గింజలుంటాయి కనుక సొరకాయ సంతానానికీ గుర్తే. షూజెన్ కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా కడుపు పండకపోయేసరికి, అత్తగారు నూరుగురు పిల్లలు ఆడుకునే బొమ్మ ఉన్న అచ్చును ఒక పిందెకు తొడిగింది. బొమ్మ దిగితే ఇదే కోడలు, దిగకపోతే మరొకతె అని ఊరందరి ముందూ చెప్పింది.

పంటకాలంలో అచ్చు విప్పితే నల్లటి కుళ్ళునీరు కారింది. మరొకతె వచ్చి ముగ్గురు కొడుకుల్ని కన్నది. షూజెన్ వంటింటికి మిగిలింది. ఆ పిల్లలకు ఆమె "కుళ్ళుకాయ పెద్దమ్మ".

ఇప్పుడు అత్తగారు మంచాన పడింది. చాకిరీ అంతా షూజెన్‌దే. ముసలిదానికి మిగిలిన సుఖమల్లా దుప్పటి కింద, గుండెల మీద పెట్టుకున్న సొరబుర్రలో పాడే కీచురాయి.

ఆ ఉదయం బొగ్గుల కోసం కొట్టంలోకి వెళితే, అశుభమని ఎవరూ ముట్టని ఆ అచ్చు కనిపించింది. వాననీరు పోవడానికి ప్రతి అచ్చుకూ అడుగున ఒక బెజ్జం ఉంటుంది. దీనికీ ఉంది. దాన్నిండా మైనం కూరి ఉంది.

గోటితో పెకలించి, తెచ్చి చూపించింది. ముసలిది తడబడలేదు.

"నేనే పెట్టాను. నేను గెంటేస్తే ఊరు నన్ను తిడుతుంది. దేవుడు గెంటేస్తే ఎవర్ని తిడతారే?"

"ఇన్నేళ్ళూ ఆ దేవుణ్ణే అడుగుతున్నాను, అత్తయ్యా."

"అడిగితే ఏం పోయింది? భక్తి అబ్బింది. గంజి చల్లారిపోతోంది, పట్టుకురా."

షూజెన్ గంజి తెచ్చి చెంచాతో ఓపిగ్గా తాగించింది, మూతి తుడిచింది. తర్వాత మైనాన్ని కుంపటి సెగకు మెత్తబరిచి, సొరబుర్రను బయటికి తీసి, కొమ్ముతో చేసిన మూతకు గాలాడేందుకున్న అయిదు బెజ్జాల్లోనూ కొంచెం కొంచెంగా కూరింది. ముసలిది చూస్తూనే ఉంది, చెయ్యెత్తే సత్తువ లేదు. పురుగు చేసిన పాపమేమిటని షూజెన్ మనసు ఒకసారి అడిగింది. ఆ పిందె మాత్రం ఏం చేసింది?

బుర్రను మళ్ళీ ఆ గుండెల మీదే పెట్టి, దుప్పటి సరిచేసింది.

"మీ మైనం మీకే, అత్తయ్యా. నేనేమీ ఉంచుకోలేదు."

మధ్యాహ్నానికి పాట సన్నగిల్లింది. ముసలిది వింటూనే ఉంది.