కాగితం వాటం

ముప్పై ఏళ్ళు పేపరు మిల్లులో నాణ్యత చూసిన మనిషి మాట నమ్మాలా, తడిపిన బెత్తెడు ముక్క మాట నమ్మాలా? ఈ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు.

మా మరదలు వయొలిన్ నేర్పుతుంది. పదకొండేళ్ళు కూర్చుని అరవై పాఠాల పుస్తకం రాసింది. సంగీత పాఠశాల కమిటీ ఒప్పుకుంటే అది పాఠ్యపుస్తకం అవుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. వయొలిన్ వాయించేవారికి రెండు చేతులూ ఖాళీగా ఉండవు కనుక, ఆ పుస్తకం తెరిచిన చోట తెరుచుకుని ఉండి తీరాలి. దాన్ని కుట్టింది ఆమె మొగుడు, మా తమ్ముడు. వాడిది బైండింగు దుకాణం.

కాగితానికి వాటం ఉంటుంది. మిల్లులో గుజ్జు పరుగెత్తే జల్లెడ మీద పడినప్పుడు పీచులు ఆ పరుగు వైపే తిరిగి పడుకుంటాయి. వాటం వెంట మడిస్తే కాగితం మాట వింటుంది, అడ్డంగా మడిస్తే ఎదురు తిరుగుతుంది. పుస్తకం వెన్ను వాటం వెంటే ఉండాలి. ఇంతవరకు వివాదం లేదు.

కాగితం కోసే రోజున తమ్ముడు మూల ముక్క చించి, తడిపి, ఎటు చుట్టుకుంటుందో చూసి వాటం తేల్చుకుందామన్నాడు. మా మిల్లులో వాటం ఎప్పుడూ షీటు పొడుగు వైపే. కట్టను ఒక్కసారి చూసి అక్కర్లేదన్నాను. మడిచేటప్పుడు కాగితం మొరాయిస్తోందన్నాడు. మందం కాగితం అలాగే ఉంటుందన్నాను. పుట్టినప్పటి నుంచీ నా మాట వినని వాడు సరిగ్గా ఆ ఒక్క రోజే విన్నాడు. అది వాడి తప్పు.

కమిటీ వారు ముగ్గురు వచ్చారు. ఆ ఉదయమే బైండింగు ప్రెస్సులోంచి తీసిన కాపీలో మరదలు ఏడో పాఠం తెరిచి కమాను ఎత్తింది. పుస్తకం మూసుకుంది. మళ్ళీ తెరిచింది. నాలుగు స్వరాలు ఓపిక పట్టి మళ్ళీ మూసుకుంది. అప్పుడు ఆమె నావైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను. లేచి వెళ్ళి, స్టాండు పక్కన నిలబడి, పన్నెండు నిమిషాలు రెండు వేళ్ళతో పేజీలు అదిమి పట్టుకున్నాను.

అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ, "పాఠాలు బాగున్నాయమ్మా. ప్రతి కాపీతోపాటు ఈవిడ కూడా వస్తారా?" అన్నాడు.

సరిచేసిన కాపీ తెమ్మని నెల గడువిచ్చారు.

దుకాణంలో తమ్ముడు మిగిలిన షీటు మూల చించి తడిపాడు. అది గొట్టంలా చుట్టుకుని పొట్టి వైపు వాటం చూపించింది.

"కాగితానికే కాదక్కా, నీకూ వాటం పడింది. ముప్పై ఏళ్ళు ఒకే వైపు చూశావు," అన్నాడు.

"తడిపి చూడాల్సింది వదినగార్నండీ," అంది మరదలు.

ఆ కాగితం తయారుచేసిన మిల్లుకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రాసే ముందు ఉత్తరం కాగితం మూల తడిపి చూశాను. కొత్త కట్టలో ప్రతి షీటుకూ మూల తడుపుతున్నాను. ఒక్కటి చాలని తమ్ముడంటాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

ఇక మీరు. చేతిలో ఉన్న ఈ పుస్తకాన్ని బల్ల మీద తెరిచిపెట్టి చెయ్యి తీయండి. మూసుకుందా, కుట్టినవాడి దగ్గరికి పట్టుకెళ్ళి, మూల ఎందుకు తడపలేదో నిలదీయండి. ఎవరి మాట విని కోశాడో మాత్రం అడగకండి.