పంపైన మారెప్ప

మల్లట్ ఊరి పక్కన రాగి కోసం తవ్విన గనిలో నీళ్ళు తోడిపోసే పని మారెప్పది. గని అనగానే ఏదో పెద్దగా ఊహించుకోకండి. బావికి అన్నలాంటి గొయ్యి, అంతే. అడుగున ఊరే నీళ్ళు నీలంగా, చూడముచ్చటగా ఉంటాయి. వాటిని తోలు బొక్కెనతో పైకి లాగి కాలవలో పొయ్యడం, మళ్ళీ లాగడం. నాలుగేళ్ళుగా ఇదే పని. అతనికి కుంట నేల లేదు, ఎద్దు లేదు. ఉన్నదల్లా ఈ కొలువూ, భార్య రంగవ్వ నోరూ.

అలాంటివాడికి ఒకనాడు ఇంజనీరు చెంచయ్య చల్లగా ఓ మాట చెప్పాడు.

"కరెంటు పంపు వస్తోందయ్యా మారెప్పా. నీళ్ళు పెరిగితే దానంతటదే తిరుగుద్ది, తగ్గితే దానంతటదే ఆగుద్ది. మనిషితో పనే లేదు. బెంగుళూరు నుంచి పెద్దసారు వచ్చి చూసెళ్ళాక నీకు సెలవు."

మారెప్ప బొక్కెన కింద పెట్టాడు. ఉన్నమాట చెప్పాడు. "పంపు ఇనుపదే గదా సార్? గీ నీళ్ళు ఇనుమును తింటయి. మా ఇంట్ల పెనం తిన్నయి."

అది నిజమే. ఒకసారి గడ్డపార ఆ నీళ్ళలో మరిచిపోతే ఎర్రగా రాగి పట్టింది. ఇనుము రాగైపోతోందని మురిసిపోయి, రంగవ్వకు చెప్పకుండా రొట్టెల పెనం తెచ్చి నానేశాడు. నాలుగో రోజుకు పెనం నిగనిగలాడింది. పదిహేనో రోజుకు నడిమధ్య బొక్క పడింది, అందులోంచి రంగవ్వ మొహం కనిపించింది. "రొట్టె యాడ కాల్చాలె? నీ నెత్తి మీదనా?" అని ఆవిడ వాడకట్టంతా వినేలా అడిగింది.

చెంచయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెనానికీ పంపుకీ పోలికేవిటయ్యా!"

పంపు వచ్చింది. గుయ్యిమని హాయిగా తిరిగింది. మారెప్ప పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక యంత్రాన్ని చూసి అంతగా కుళ్ళుకున్న మనిషి జిల్లాలో మరొకడు ఉండడు. పద్దెనిమిదో రోజున పంపు దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది. విప్పి చూస్తే లోపలి చక్రం చెదలు తిన్న చెక్కలా ఉంది. మర్నాడే పెద్దసారు రాక.

చెంచయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "కాళ్ళావేళ్ళా పడి తెప్పించానయ్యా. ఆడటం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ ఒక్కపూటకీ నువ్వే పంపువైపో."

"గట్లనే సార్. ఆ పాడైన ఇనుము కాలవల పడెయ్యండి. నీళ్ళల్ల రాగి దానికే పట్టుకుంటది, కింది వరిమళ్ళకు పోదు."

మర్నాడు పొద్దున మారెప్పను గొయ్యి మీద పంపు కోసం వేసిన రేకుల షెడ్డులో పెట్టి తలుపేశాడు చెంచయ్య. మారెప్ప నీళ్ళు లాగి పీపాలో పొయ్యాలి. పీపా నుంచి గొట్టం గోడ దాటి కాలవలోకి పోతుంది. పంపు మోత కూడా అతని నోటిదే.

పెద్దసారు వచ్చి, పడుతున్న ధారనూ, కాలవలో రాగి పట్టి ఎర్రబడిన ఇనుప ముక్కలనూ చూసి పొంగిపోయాడు.

"రాగి వృథా కావటం లేదు, మనిషి అవసరమే లేదు! భేష్!" అని తన బెంగుళూరు తెలుగులో చెంచయ్యను మెచ్చుకున్నాడు. "ఆ నీళ్ళు తోడేవాడి పేరు ఇవాళే కొట్టేయండి."

మోత ఠక్కున ఆగింది. ధార సన్నబడి, బొట్లు బొట్లుగా పడి, ఆగిపోయింది.

లోపల మారెప్ప తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒళ్ళు వంచి పనిచేసి తన కొలువు తనే ఊడగొట్టుకున్నాడు!

"ఏమైంది?" అన్నాడు పెద్దసారు.

చెంచయ్య షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఈ పంపు కాస్త మొండిదండి. పక్కన మనిషి ఉంటేనే ఆడుద్దండి. ఒక్కణ్ణి శాశ్వతంగా ఉంచాలండి."

షెడ్డులో చిన్నగా, అనుమానంగా, "గుయ్య్" అని మోత మొదలైంది.

"సరే, పెట్టుకోండి. ఎవరున్నారు?"

"మారెప్పని, పాతవాడేనండి."

"పనిదొంగ కాదు కదా?"

మారెప్ప రొమ్ము నిండా గాలి పీల్చుకుని, పీపా పొర్లేలా బొక్కెన మీద బొక్కెన కుమ్మరించాడు. పంపు మోతకు రేకులు అదిరాయి. గొట్టంలోంచి ఎగజిమ్మిన నీళ్ళు పెద్దసారు బూట్లు ముంచెత్తాయి.