వెంకట్రాజం రింగు

చేయాల్సిన పనేమీ లేకపోయినా వెంకట్రాజం స్పిరిట్‌లో ముంచిన దూదితో గాజుతీగ ముక్కను తుడుస్తూ కూర్చున్నాడు. వెంట్రుకంత సన్నని ఆ తీగ పైపొర ఒలిచి, కొసలు కోసి, మిషన్లో అతికించి రింగు చేయడం వరంగల్ కాలేజీ ల్యాబులో ఎన్నో ఏళ్లుగా అతని పని. ఇవాళ రిటైర్మెంట్.

సాయంత్రం శాలువా కప్పుతారు. అతనికి కావలసింది శాలువా కాదు. తన రింగు ల్యాబులో ఉండిపోవాలి. దాన్ని బిగించిన ఉక్కుపట్టీ ఇసుమంత సాగినా, లోపల తిరిగే లేజరు కాంతి పసిగట్టి కంప్యూటరులో గీతను కదిలిస్తుంది. రింగులు రెండున్నాయి. ఒకటి అతనిది, ఒకటి పరిశోధనకు చేరిన శిరీషది. గీత నిలకడగా ఉన్నదాన్నే, వంతెన ఎంత సాగుతుందో చూసే పరీక్షకు ఉంచుతామని ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు చెప్పారు.

శిరీష వచ్చి ఏడాది కాలేదు. ఈ మధ్య వేళ్లు వణికి అతను నాలుగుసార్లు చెడగొట్టుకునే అతుకు ఆమెకు ఒక్కసారికే కుదురుతుంది. అది చూస్తే అతనికి కడుపు మండిపోతుంది. కాలేజీ పిల్లలందరినీ బిడ్డా అనే మనిషి ఆమెను మాత్రం మేడమ్ అంటాడు.

పదకొండింటికి ఆమె ఒక పెట్టె తెరిచి, అందులోని రింగు బిగించి కొలత మొదలుపెట్టింది. ముందు తనదే పెట్టుకుని ఉంటుంది, ఎవరైనా అంతే కదా అనుకున్నాడు. గీత లాగి కట్టిన దారంలా నిలబడింది. అతను ఓర్చుకోలేకపోయాడు. ప్రొఫెసర్ ఫోన్లో ఉండగా, నడుము నొప్పి అన్నట్టు బల్ల మీదికి వంగి, అరచేతిని పట్టీకి బెత్తెడు దూరంలో ఆనించాడు. ఒంటి వేడికే పట్టీ సాగింది. గీత లేచింది. అతని ప్రాణం చల్లబడింది.

శిరీష దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "కాకా, చెయ్యేమన్న దగ్గరికి పెట్టినవా? పెట్టినవంటే మళ్ల కొలుస్త. ఇది నీ రింగే."

ప్రొఫెసర్ ఫోన్ పెట్టేసి ఇటే వస్తున్నారు. ఇన్నేళ్లలో ఎవరి కొలతా చెడగొట్టని మనిషి, చివరి రోజున ఎందుకు పెట్టానని చెప్పాలి?

"నేనెందుకు పెడత మేడమ్? పెట్టలే."

తర్వాత కొలిచిన ఆమె రింగు గీత ఆసాంతం కొంచెం వణికింది గానీ ఎక్కడా లేవలేదు. ప్రొఫెసర్ దాన్నే ఉంచమన్నారు.

సాయంత్రం శాలువా భుజాన వేసుకుని, ములుగు బస్సు తప్పిపోతుందని చెప్పి వెంకట్రాజం వెళ్లిపోయాడు. తర్వాత ఎన్నడూ ఆ ల్యాబు గడప తొక్కలేదు.

శిరీష రిజిస్టరులో అంటించిన అతని రింగు కొలత కాగితం మీద, తిన్నగా వస్తున్న గీత ఒక్కచోట చిన్న గుట్టలా లేచి, దిగి, మళ్లీ తిన్నగా సాగింది.