మెత్తబడ్డ క్లచ్

కోరుట్ల బస్టాండు వెనక నాది క్లచ్, బ్రేకు సామాన్ల దుకాణం. సామాను అమ్మేదీ నేనే, వెనక షెడ్డులో బిగించేదీ నేనే. తొంభై ఒకటిలో ఒకే కారు నెల రోజుల్లో మూడుసార్లు నా షెడ్డుకు వచ్చింది. మూడోసారి వచ్చేసరికి దాని డ్రైవరు ముత్యం బతుకు నా మాట మీద ఆధారపడి ఉంది. ఆ గతి పట్టించింది కూడా నా మాటే.

కారు జలపతి రావు దొరది. ఆయన భూములు చందుర్తిలో ఉన్నాయి. అన్నల, అంటే నక్సలైట్ల, భయానికి కాపురం జగిత్యాలకు మార్చాడు. పంటల సంగతి చూసుకోవడానికి నెలకు నాలుగుసార్లు ఊరికి పోయి, పని కాగానే బయటపడాలి. అందుకే బొంబాయి నుంచి రెండు తలుపుల విదేశీ కారు తెప్పించాడు. అంబాసిడరు రెండో గేరు అందుకునేలోపు అది ఊరి పొలిమేర దాటుతుంది. దాని క్లచ్‌కు తీగ లేదు. పెడలు తొక్కితే పైపులోని ఆయిల్ ఒత్తిడితో క్లచ్ విడుతుంది. ఆ పెడలే మెత్తబడింది. బురదలో కాలు పెట్టినట్టు దిగిపోతుంది, గేరు పడదు.

పైపులో గాలి చేరిందనుకుని గాలి తీసి పంపాను. పది రోజులకు మళ్లీ వచ్చింది, మళ్లీ గాలి తీశాను. అసలు గాలి పైపు లోపలికి ఎట్లా పోతుందని దొర అడిగితే, చేతిలో పని మీద ధ్యాసతో "ఎక్కడన్న పైపు నట్టు వదులైతెనే పోతది దొరా" అన్నాను.

మూడోసారి చందుర్తిలోనే, బయలుదేరే సమయానికి గేరు పడలేదు. పది నిమిషాలు జనం చూస్తుండగా దొర కారులో కూర్చుండిపోయాడు. ముత్యం పెడలు కొట్టికొట్టి ఎట్లాగో గేరు వేసి, నేరుగా నా దగ్గరికి తెచ్చాడు. ముత్యం తమ్ముడు ఏడాది కిందట అన్నల్లో కలిసిపోయాడు. దొర ఆ సంగతికి నా నట్టు మాట కలిపి, తనను అన్నలకు పట్టించడానికి ముత్యమే నట్టు వదులు చేశాడని తేల్చాడు.

"సేటు, నట్టు వదులు జేసినోడు నీ ముందల్నే నిలబడ్డడు," అన్నాడు దొర. "నువ్వు సూసి అవునను. ఇట్లనే సిరిసిల్ల పోయి ఠాణాల అప్పజెప్పుత."

"నా పిల్లల మీద ఒట్టు దొరా, నేను పానా ముట్టలే," అన్నాడు ముత్యం.

"నీ తమ్ముడు గూడ తుపాకి ముట్టలేదనే చెప్పినవ్ గదరా."

అలా ఠాణాకు పోయినవాడు తన కాళ్ల మీద ఇంటికి వస్తాడన్న నమ్మకం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. తప్పు నాదని ఒప్పుకుంటే దొర చుట్టాల కార్లు కూడా మరి నా షెడ్డుకు రావు. ఒప్పుకోకపోతే ముత్యం పోతాడు. ఇందులో తూచడానికేమీ లేదు. అయినా కాసేపు తూచాను.

బానెట్ ఎత్తాను. కిందటిసారి ఆయిల్ డబ్బా మీద నేను పెన్సిలు గీత పెట్టాను. ఆయిల్ గీత దగ్గరే ఉంది. కానీ కాటుక కలిపినట్టు నల్లగా ఉంది.

"నట్టు వదులైతె ఆయిల్ కారాలె దొరా. ఒక్క సుక్క పోలే. మీరే కూసోని తొక్కి పట్టుండ్రి."

దొర కూర్చుని తొక్కాడు. మొదట పెడలు గట్టిగానే ఆగింది. నేను అంకెలు లెక్కపెట్టాను. ఇరవై దాటేసరికి ఆయన మోకాలు దిగడం కనిపించింది.

"అరె, దిగుతున్నదయ్యా!"

"మేమిద్దరం బయట్నే ఉన్నం. ఎవ్వలు ముట్టిన్రు దొరా?"

పెడలు ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ విప్పాను. లోపలి రబ్బరు అంచు అరిగిపోయింది, ఆ పొడితోనే ఆయిల్ నల్లబడింది. ఆయిల్ బయటికి కారకుండా, రబ్బరు పక్కనుంచే వెనక్కి జారుతోంది. సిలిండర్ గోడ కూడా ఒక్కచోటే, వేలెడంత మేర రాసుకుపోయింది.

"బండి కొని ఏడాది గాలే. గింత జల్ది ఎట్ల అరిగె?" అన్నాడు దొర.

నేను ముత్యాన్ని అడిగాను. "ఊర్ల బండి ఎట్ల ఆపుతవ్?"

అతను దొర ముఖం చూశాడు. "బంద్ చెయ్య సేటు. దొర అచ్చెదాక ఇంజను నడుస్తనే ఉంటది. ఫస్ట్ గేర్ల ఏసి, క్లచ్ తొక్కి పట్టుకోని ఉంట. గంట, గంటన్నర. కాలు వణుకుతది. జరంత ఇడుస్త, మళ్ల తొక్కుత."

"ఆ ఒక్కకాడ రాసుకోని రాసుకోనే రబ్బరు అరిగింది. గట్ల ఎవ్వలు పట్టుమన్నరు?"



"నేనే అన్న," అన్నాడు దొర.

"నట్టు మాట నాది దొరా. రెండుమాట్ల ఆయిల్ రంగు సూడకుండనే గాలి తీసి తోలిన. తప్పు నాది."

"నీ మాట పట్టుకోనే గదయ్యా నేను వీన్ని..." అని దొర ఆపేశాడు.  సిరిసిల్ల మాట మళ్లీ ఎత్తలేదు.

సిలిండర్ గోడ నునుపు చేసి, కొత్త రబ్బర్లు వేసి, బిగించి, గాలి తీశాను. పెడలు గట్టిగా నిలిచింది.

"క్లచ్ తొక్కి పట్టకుండ న్యూట్రల్ల పెడితె, ఎల్లేటప్పుడు గేరెయ్య ఎంతసేపురా?" దొర అడిగాడు.

"రెండు సెకన్లు దొరా."

దొర రోడ్డు వైపు చూశాడు. "న్యూట్రల్లనే పెట్టు అయితే," అన్నాడు.

బయలుదేరే ముందు అరిగిన రబ్బరును కాగితంలో చుట్టి ముత్యం చేతిలో పెట్టాను. "పారెయ్యకు. రేపెవ్వలన్న అడిగితె సూపియ్యి."

కాగితం విప్పి చూసుకున్నాడు. "గింత దానికేనా సేటు," అన్నాడు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టి, కారెక్కాడు.