గాలి తగ్గని టైర్లు

యలమంద తెనాలిలో మినుముల వ్యాపారి. బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద వేసుకుంటే చాలు, తేమ ఎంతో తాలు ఎంతో చెప్పేస్తాడు. సైకిలెక్కినా ఆ బుద్ధి పోదు. ఎవరి వెనక తొక్కితే ఎదురుగాలి ఎంత తప్పుతుందో ముందే లెక్క వేసుకుంటాడు. పదకొండేళ్ళు ఆ లెక్క రాజారత్నం వీపు దగ్గరే తేలింది. డ్రాయింగు మాస్టారుగా చేసిన రాజారత్నం మంచి వెడల్పాటి మనిషి. బాపట్ల వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకుని వచ్చినా, ఆ వీపు చాటున అలుపు తెలిసేది కాదు.

నిరుడు రాజారత్నానికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇక సైకిలు తొక్కొద్దన్నాడు డాక్టరు. పది నెలలుగా రేపల్లెలో ఇంటిపట్టునే ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "ఆ సైకిలు పట్టుకుపోయి అమ్మిపెట్టరా. చూస్తుంటే చిరాగ్గా ఉంది" అన్నాడు.

సరుకుకు మనిషిని కుదర్చడం యలమందకు ఎంతసేపు? తమ సైకిళ్ళ గుంపులో కొత్తగా చేరిన గిరీష్, వడ్లమూడిలో పాఠాలు చెప్పే అతను, మంచి సైకిలు కోసం వెతుకుతున్నాడు. ఆదివారం యలమంద, కొలకలూరు నర్సు జెస్సీ చీకటితోనే సైకిళ్ళ మీద బయల్దేరారు. తిరుగు ప్రయాణంలో కొన్న సైకిలు తొక్కుకుంటూ వద్దామని గిరీష్ రైల్లో వచ్చాడు.

రాజారత్నం గుమ్మంలోనే ఉన్నాడు. "ఏరా, తెనాలి నుంచి మూడు గంటలా? తోపుడుబండివాడు నయం."

"బాబాయ్ దారిలో మూడుసార్లు టిఫిన్ చేశాడండి మాస్టారూ," అంది జెస్సీ.

"రెండుసార్లే! మూడోది టీ."

"టీలో పునుగులు ముంచుకుంటారా ఎవరైనా?"

రాజారత్నం గిరీష్‌ను ఎగాదిగా చూశాడు. "రైలు దిగి హెల్మెట్‌తో నడిచొచ్చావా? జాగ్రత్త గల మనిషివయ్యా. మీ యలమంద బాబాయికి జాగ్రత్త అంటే ఏంటో తెలీదు. ఓసారి బాపట్ల దారిలో కర్లపాలెం దాటాక వీడి ట్యూబు పేలింది, ఇంకోటి తెచ్చుకోలేదు. టైరునిండా ఎండుగడ్డి కుక్కి వీణ్ణి ఎక్కించా. ఊరి గేదెలన్నీ వెంటపడ్డాయి."

"రెండేరా గేదెలు!"

"వెనక్కి తిరిగి లెక్కపెట్టే ధైర్యం నీకెక్కడిది?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక రాజారత్నం మోకాలు రాసుకుంటూ అడిగాడు. "ఆ రోడ్డు ఇప్పుడెలా ఉందిరా?"

"అలాగే ఉంది," అన్నాడు యలమంద. రాజారత్నం రావడం మానేశాక తామూ అటు వెళ్ళలేదని మాత్రం చెప్పలేదు.

సైకిలు వరండాలో పాత దుప్పటి కింద ఉంది. యలమంద దుప్పటి తీసి, అలవాటు కొద్దీ బొటనవేలితో టైరు నొక్కాడు. రాయిలా ఉంది. వెనక టైరూ అంతే. గొలుసు తడిమితే వేలికి తాజా నూనె అంటింది. తాకకుండా వదిలేసిన ట్యూబు నెల తిరక్కుండానే చప్పబడుతుంది. ఇది పది నెలలు. యలమంద దుప్పటిని మళ్ళీ సీటు మీదికి లాగాడు.

తర్వాత లేచి, "దీనికి ఇప్పుడు గిరాకీ లేదురా," అన్నాడు.

"మనిషి కుదిరాడన్నావు?"

గిరీష్ కూడా టైరు కేసీ ఆ నూనె వేలి కేసీ చూశాడు. "ఈ సైకిలు ఎత్తు నాకు చాలదండి," అన్నాడు. అతను రాజారత్నం కంటే జానెడు పొట్టి. జెస్సీ టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రాజారత్నం ముగ్గురినీ వరసగా చూశాడు. "మరెప్పుడమ్ముతావు?"

"తొలకరి పడనీ, చూద్దాం. అప్పటిదాకా నీ దగ్గరే నిల్వ ఉంచు. గాలి తగ్గనీకు."

"దాన్ని ముట్టుకునేదెవడు!" అని రాజారత్నం అటు తిరిగి, దుప్పటి కొసలు సర్దుతూ ఉండిపోయాడు.

గిరీష్ మళ్ళీ హెల్మెట్ పట్టుకుని స్టేషనుకు నడిచాడు. భట్టిప్రోలు దాటేసరికి పడమటి గాలి ఎదురు తిరిగింది.

"బాబాయ్, నా వెనక్కి రండి," అంటూ జెస్సీ ముందుకు వెళ్ళింది.

సన్నటి మనిషి. వేడిగాలి ఆమెకు రెండు పక్కల నుంచీ వచ్చి యలమంద భుజాలకు తగులుతోంది. రాజారత్నం వీపుతో చూస్తే అటు ఎంత ఖాళీ, ఇటు ఎంత ఖాళీ, తెనాలి దాకా అదే కొలుచుకుంటూ తొక్కాడు.